ఎద్దు బండెక్కితే ఎన్ని కాగితాలు కావాలి? దారిలో ఆపే హక్కు ఎవరికి ఉంది?

 

బక్రీద్ దగ్గర పడుతోందంటే చాలు, మన ఫోన్లలోకి ఒక రకం వీడియోలు వస్తాయి. హైవే మీద ఒక డీసీఎం ఆగి ఉంటుంది. వెనక టార్పాలిన్ ఎత్తి చూపిస్తుంటారు. లోపల పశువులు కిక్కిరిసి ఉంటాయి. డ్రైవర్ని కింద కూర్చోబెట్టి ఉంటారు. చుట్టూ పదిమంది, పది ఫోన్లు. కింద కామెంట్లలో సగం మంది ఒకవైపు, సగం మంది ఇంకోవైపు. మీకూ వచ్చి ఉంటాయి, ఎవరో ఫార్వర్డ్ చేసే ఉంటారు.

ఆ కామెంట్లలో మూడు ప్రశ్నలు కలిసిపోతాయి. ఏ పశువును కోయొచ్చు, ఏది కోయకూడదు అనేది ఒకటి. పశువును బండిలో ఎలా తీసుకెళ్లాలి అనేది రెండోది. ఆ బండిని ఆపే అధికారం ఎవరికుంది అనేది మూడోది. ఈ మూడింటికీ వేర్వేరు చట్టాలున్నాయి. ఇవి విడివిడిగా తెలిస్తే ఆ వీడియోలో ఎవరు ఏ తప్పు చేస్తున్నారో మీకే అర్థమవుతుంది. ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఆ వీడియోలో ఎక్కడా కనపడడు. ఆ పశువును అమ్మిన రైతు. ఆయన దగ్గరికి చివర్లో వద్దాం.

సరే, మొదటి ప్రశ్న. ఏది కోయొచ్చు?

రాజ్యాంగం 48వ అధికరణలో ఆవులు, దూడలు, పాలిచ్చే, బండి లాగే పశువుల వధను నిషేధించే దిశగా రాజ్యం చర్యలు తీసుకోవాలని ఉంది. అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని నేరుగా ఎవరి మీదా కేసు పెట్టలేరు, చట్టం చేయాలి. పశు సంరక్షణ రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయం. కాబట్టి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చట్టం.

మన దగ్గర ఉన్నది 1977 నాటి చట్టం. ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో కూడా అదే నడుస్తోంది. దీని ప్రకారం ఆవును కోయకూడదు. ఆవు దూడను, అది పెయ్యదూడైనా కోడెదూడైనా సరే, కోయకూడదు. ముసలిదా, ఒట్టిపోయిందా అన్న మినహాయింపు లేదు. ఎద్దు, ఆంబోతు, గేదె సంగతి వేరు. అవి ఇక సేద్యానికీ, సంతతికీ, పాలకూ పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోయొచ్చు. సర్టిఫికెట్ లేకుండా కోస్తే నేరం. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అంటే ఒక బండిలో ముసలి ఎడ్లు కనపడ్డంత మాత్రాన అందులో ఉన్నది నేరం అని చెప్పలేం. ఆవులు కనపడ్డంత మాత్రాన కూడా చెప్పలేం. పాడి కోసం కొనుక్కెళ్తున్న రైతు కావచ్చు. కాగితాలు చూడాలి.

ఇప్పుడు సరిహద్దు దాటి చూడండి. మహారాష్ట్రలో 2015లో చట్టం మారింది. ఆవుతో పాటు ఎద్దు, ఆంబోతు కూడా నిషేధంలోకి వచ్చాయి. వధ కోసం రాష్ట్రం బయటకు తీసుకెళ్లినా నేరమే. కర్ణాటక 2020లో కొత్త చట్టం తెచ్చింది. అక్కడ 13 ఏళ్లు దాటిన గేదెలకు తప్ప దేనికీ అనుమతి లేదు. కేరళకు వెళ్తే గోవధ మీద పూర్తి నిషేధమే లేదు. ఇప్పుడు మన బోధన్ దగ్గరో, జహీరాబాద్ దగ్గరో ఉన్న ఊరు ఊహించుకోండి. ఒకే రకం ఎద్దు, ఒకే రకం రైతు. రోడ్డుకి ఇటు పక్క సర్టిఫికెట్ ఉంటే చట్టబద్ధం, కొన్ని కిలోమీటర్లు అటు వెళ్తే నేరం. చట్టం మారిన చోట ధర కూడా మారుతుంది. ధర మారిన చోట బండి కదులుతుంది. సరిహద్దుల్లో చెక్‌పోస్టులు ఎందుకు పుట్టుకొస్తాయో దీనితోనే అర్థం చేసుకోవచ్చు.

రెండో ప్రశ్న. బండిలో ఎలా తీసుకెళ్లాలి?

ఇది మతానికి, మాంసానికి సంబంధం లేని ప్రశ్న. సంతకు తీసుకెళ్తున్నా, డెయిరీకి తీసుకెళ్తున్నా, కబేళాకు తీసుకెళ్తున్నా అవే రూల్స్. మూలం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు పట్టుబట్టి తెప్పించిన చట్టం ఇది. దీని కింద 1978లో పశు రవాణా నియమాలు వచ్చాయి. వాటిలో ఏముందో చూడండి.

బండి ఎక్కే ముందు వెటర్నరీ డాక్టర్ చూసి, ఈ పశువు ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే బండివాడు ఎక్కించుకోనే కూడదు. పంపేవాళ్లు ఎవరు, తీసుకునేవాళ్లు ఎవరు, పేర్లు, అడ్రస్, ఫోన్ నంబర్, ఎన్ని పశువులు, దారిలో తినడానికి ఏం పెట్టారు, ఇవన్నీ ఎర్ర అక్షరాలతో రాసి ఉంచాలి. ఫస్ట్ ఎయిడ్ సామాను ఉండాలి. కాళ్లు జారకుండా కింద పరుపు లాంటిది వేయాలి. చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. వాటితో పాటు ఇంకో సరుకు ఎక్కించకూడదు. ఒక లారీలో ఆరు పశువులకు మించకూడదు.

ఆరు! ఇప్పుడు మీకు వచ్చిన ఆ వీడియో గుర్తు చేసుకోండి. ఎన్ని ఉన్నాయి అందులో?

2015లో మోటారు వాహనాల నియమాలు కూడా మార్చారు. 2016 జనవరి 1 నుంచి పశువుల బండికి లోపల విడివిడిగా గదుల్లా ఉండాలి, ఒక్కో ఆవుకు లేదా గేదెకు కనీసం 2 చదరపు మీటర్ల చోటు ఉండాలి. లెక్క వేద్దాం. 17 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న డీసీఎం అనుకోండి. 119 చదరపు అడుగులు. 2 చదరపు మీటర్లంటే ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. భాగిస్తే ఐదున్నర. అర పశువు ఉండదు కదా, కాబట్టి ఐదు.

నడిపించుకుని పోయినా రూల్స్ ఉన్నాయి. 2001 నియమాల ప్రకారం ఆవులు, ఎడ్లయితే రోజుకు 30 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు, అంతే. రెండు గంటలకోసారి నీళ్లు, నాలుగు గంటలకోసారి మేత. ఎండ 30 డిగ్రీలు దాటితే నడిపించకూడదు. మన ఎండాకాలంలో పొద్దున తొమ్మిదికే ఆ 30 దాటుతుంది!

మరి ఇన్ని రూల్స్ ఉంటే ఐదు ఎక్కాల్సిన బండిలో ఇరవై ఎందుకు ఎక్కుతున్నాయి? మనుషులు క్రూరులు కాబట్టి అనేస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది, కానీ విషయం అర్థం కాదు. కిరాయి లెక్క చూడండి. బండి కిరాయి పది వేలు అనుకుందాం, ఉదాహరణకే. ఐదు ఎక్కిస్తే తలకు రెండు వేలు పడుతుంది. ఇరవై ఎక్కిస్తే తలకు ఐదు వందలు. పశువు మీద పదిహేను వందలు మిగులు. ఇక జరిమానా సంగతి. జంతు హింస నిరోధక చట్టంలో మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మళ్లీ వింటారా? యాభై రూపాయలు. రెండోసారి మూడేళ్ల లోపు చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు. 1960లో రాసిన అంకెలు. అప్పట్లో యాభై అంటే డబ్బే. ఇప్పుడు టిఫిన్ సెంటర్లో ఒక ప్లేట్ దోశ. జరిమానాలు పెంచుతామని 2022లో కేంద్రం ఒక ముసాయిదా బయట పెట్టింది కూడా.

కాబట్టి ఆ టార్పాలిన్ కింద పశువులు నలిగిపోవడం నిజమే. ఊపిరాడక చచ్చిపోవడం నిజమే. అది కల్పితం అనేవాళ్ల మాట నమ్మకండి. ఆ హింసను ఆపాలనుకోవడం మంచి మనసే. కానీ ఎవరు ఆపాలి? ఇది మన మూడో ప్రశ్న.

చట్టంలో సమాధానం సూటిగా ఉంది. జంతు హింస నిరోధక చట్టం 34వ సెక్షన్ ప్రకారం కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు ఉన్న పోలీస్ అధికారి, లేదా రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి అధికారం అప్పగించిన వ్యక్తి పశువును స్వాధీనం చేసుకుని, దగ్గర్లోని మేజిస్ట్రేట్ ముందో వెటర్నరీ అధికారి ముందో పరీక్షకు హాజరుపరచాలి. కానిస్టేబుల్‌కే లేని అధికారం, బైక్ మీద వచ్చిన నలుగురికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2018 జులై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఏ కారణం చెప్పినా సరే, గుంపుగా వచ్చి చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం కుదరదు. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని నోడల్ ఆఫీసర్‌గా పెట్టాలని ఆదేశించింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 103వ సెక్షన్ రెండో క్లాజు ప్రకారం ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి, కులం, భాష లాంటి కారణంతో మనిషిని చంపితే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. ఆరు పశువుల నియమం ఉల్లంఘిస్తే యాభై రూపాయలు, ఆ ఉల్లంఘన పేరుతో మనిషి ప్రాణం తీస్తే ఉరి దాకా. వీడియో తీస్తూ పక్కన నిలబడే కుర్రాళ్లకు ఈ తేడా తెలియాలి. ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువ మంది మీ వయసువాళ్లే.

ప్రభుత్వాలు పశువుల ప్రయాణాన్ని కట్టడి చేయడం మన దేశంలో మాత్రమే ఉందనుకోకండి. బ్రిటన్ చూద్దాం. 1996 మార్చి 20న అక్కడి ప్రభుత్వం పశువుల్లో వచ్చే బీఎస్ఈ, అంటే మ్యాడ్ కౌ వ్యాధికి, మనుషుల్లో వస్తున్న కొత్త రకం మెదడు జబ్బుకు సంబంధం ఉండొచ్చని ప్రకటించింది. దేశం వణికిపోయింది. ఆ ఏడాదే పశువులకు పాస్‌పోర్టులు మొదలయ్యాయి. నిజంగానే పాస్‌పోర్ట్ అనే పేరు! పుట్టినప్పుడు చెవికి ట్యాగ్, ఒక పుస్తకం. ఏ ఫామ్ నుంచి ఏ ఫామ్‌కు వెళ్లింది, చివరికి ఏ కబేళాకు చేరింది, అన్నీ నమోదు కావాలి. అయినా 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు, బయటపడే లోపే మార్కెట్ల ద్వారా జీవాలు దేశమంతా తిరిగేశాయి. రవాణా ఆపేసరికి ఆలస్యమైంది. 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సి వచ్చింది.

మన దగ్గర కూడా 2009 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది. రోగం వచ్చిన ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించి, రాకపోకలు, సంతలు ఆపేయొచ్చు. 2022లో లంపీ స్కిన్ వ్యాధి రాజస్థాన్, గుజరాత్‌లను కుదిపేసినప్పుడు ఈ అవసరం ఏంటో చూశాం. మన పశువుల చెవులకు పసుపు రంగు ట్యాగ్ చూసే ఉంటారు. దాని మీద 12 అంకెల నంబర్ ఉంటుంది. పశు ఆధార్ అంటున్నారు. అంటే ఏ పశువు ఎక్కడిదో తెలుసుకునే దారి మన దగ్గర కూడా మొదలైంది. చెక్‌పోస్టులో ఆ నంబర్ కొట్టి, రసీదు, డాక్టర్ సర్టిఫికెట్ అక్కడే సరిచూడగలిగితే, టార్పాలిన్ ఎత్తి ఊహించుకోవాల్సిన పనే ఉండదు కదా.

ఇప్పుడు ఇందాక చెప్పిన ఆ రైతు దగ్గరికి వద్దాం.

పదేళ్లు దున్నిన ఎద్దు. కాలు లాగుతోంది, పళ్లు అరిగిపోయాయి. లేదా నాలుగు ఈతలు ఈనిన గేదె, తెలంగాణలో మనం బర్రె అంటాం, ఒట్టిపోయింది. అది పాలిచ్చినా ఇవ్వకపోయినా మేత అంతే తింటుంది. రైతుకు దాన్ని అమ్మితే వచ్చే డబ్బే తర్వాతి గేదెకు అడ్వాన్స్. అప్పు కట్టడానికో, కూతురి ఫీజుకో కూడా అదే. పశువు అంటే రైతుకు పని, పాలు, చివరికి కొంచెం పొదుపు. ఆ పొదుపు డబ్బుగా మారేది సంతలో. పెబ్బేరు లాంటి సంతలకు జతల జతలుగా ఎడ్లు వచ్చేది అందుకే.

2017 మే 23న కేంద్రం పశువుల మార్కెట్లకు కొత్త నియమాలు తెచ్చింది. సంతలో పశువును వధ కోసం అమ్మడం లేదని అమ్మేవాడు రాసివ్వాలి. ఈ రూల్ ఆవులకే కాదు, ఎడ్లకు, గేదెలకు, ఒంటెలకు కూడా. మీరే ఆలోచించండి. మన రాష్ట్ర చట్టం సర్టిఫికెట్ ఉంటే ముసలి గేదెను కోయొచ్చు అంటోంది. ఈ నియమం ఆ గేదెను సంతలో కోతకు అమ్మకూడదు అంటోంది. మరి ఎక్కడ అమ్మాలి? కబేళా వాళ్లు ఇంటింటికీ వచ్చి కొనుక్కోవాలా? ఒకడే వచ్చి అడిగితే వాడు చెప్పిందే ధర. సంతలో పదిమంది అడిగితే కదా బేరం.

వారం తిరిగేలోపే, మే 30న, మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ స్టే ఇచ్చింది. మన హైదరాబాద్ నుంచి ఆల్ ఇండియా జమీయతుల్ ఖురేష్ యాక్షన్ కమిటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులై 11న సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. నియమాలను మళ్లీ పరిశీలిస్తామని కేంద్రం చెప్పింది.

కాగితం మీద కథ అక్కడితో ఆగింది. కానీ రోడ్డు మీద ఆగలేదు. వ్యాపారి ఎలా ఆలోచిస్తాడో చూడండి. బండి ఆపుతారేమో, పశువులను పట్టుకుని గోశాలకు పంపుతారేమో, కేసు తేలే దాకా అవి తిరిగి రావేమో, అన్నీ సరిగ్గా ఉన్నా దారిలో ఎవరి చెయ్యో తడపాల్సి వస్తుందేమో. ఈ భయాలన్నిటికీ ఆయన ఒక రేటు కడతాడు. ఆ రేటును మాంసం కొనేవాడి దగ్గర పూర్తిగా వసూలు చేయలేడు. అందుకని ముందే, సంతలోనే, రైతుకు ఇచ్చే ధరలో కోసేస్తాడు. హైవే మీద జరిగే ప్రతి గొడవకూ బిల్లు కట్టేది ఎక్కడో ఊళ్లో ఉన్న ఆ రైతే. ఆయన హిందువా, ముస్లిమా, ఎవరైనా ఒకటే.

ధర మరీ పడిపోతే ఏమవుతుంది? అమ్మలేడు, మేపలేడు. రాత్రిపూట కట్టు విప్పేస్తాడు. 2019 పశుగణనలో దేశంలో వదిలేసిన పశువులు 50 లక్షలకు పైగా లెక్కకొచ్చాయి. అవి ప్లాస్టిక్ తింటున్నాయి, రోడ్ల మీద బండ్ల కింద పడుతున్నాయి, పక్క రైతు పొలం మేస్తున్నాయి. 2022లో ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో ఇదే పెద్ద అంశమైంది. కబేళాకు పోకుండా ఆపాం అనుకున్న పశువు అలా రోడ్డు మీద చావడం, దాన్ని కాపాడటం కాదు కదా.

మరి ఏం చేయాలి? నా మాట సూటిగా చెప్తాను. కట్టడి ఉండాలి, వద్దని ఎవరూ అనకూడదు. కానీ కట్టడి సంత దగ్గర, కబేళా గేటు దగ్గర ఉండాలి, అర్ధరాత్రి హైవే మీద కాదు. సంత జరిగే రోజే వెటర్నరీ డాక్టర్ అక్కడ కూర్చుని సర్టిఫికెట్ ఇవ్వాలి. ట్యాగ్ నంబర్, రసీదు ఒకచోట కలవాలి. ఎక్కువ పశువులు ఎక్కిస్తే జరిమానా కిరాయి మిగులు కంటే పెద్దది కావాలి. లైసెన్స్ ఉన్న కబేళాలు దగ్గర్లో ఉంటే పశువు రెండు రాష్ట్రాలు దాటి ప్రయాణించే అవసరమే తగ్గుతుంది. ముసలి పశువును కోయకూడదని సమాజం కోరుకుంటే, దాని మేత ఖర్చు కూడా సమాజమే పెట్టుకోవాలి. రైతు ఒక్కడి నెత్తిన వేయకూడదు.

ఇక మీరు చేయగలిగేది. కిక్కిరిసిన బండి కనపడితే 112కు ఫోన్ చేయండి. నంబర్, చోటు, టైం చెప్పండి. వెంటాడకండి, అడ్డం వెళ్లకండి, లైవ్ పెట్టకండి. ఫార్వర్డ్ వస్తే అది ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడగండి. చాలాసార్లు సమాధానం ఉండదు, అప్పుడు మీ దగ్గరే ఆపేయండి. మీది రైతు కుటుంబమైతే, అమ్మేటప్పుడు సంత రసీదు తీసుకోండి, చెవి ట్యాగ్ ఫొటో తీసి పెట్టుకోండి, కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబర్ రాసుకోండి. ఇంట్లో నాన్నకు, తాతకు ఇది చెప్పేది మీరే.

మీ ఊరి సంతలో ఇప్పుడు ఒట్టిపోయిన గేదెకు, ముసలి ఎద్దుకు ఎంత పలుకుతోంది? ఐదేళ్ల కింద ఎంత పలికేది? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కామెంట్లలో రాయండి. జిల్లా పేరు కూడా రాయండి. వాటన్నిటినీ కలిపి ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. నమస్తే.